తోకబుట్టల మీద సుంకం

అనగనగా ఒక అడవిలో, గలగల పారే వాగు ఒడ్డున, పొద్దు పొడిస్తే చాలు ఒకటే సందడి! ఎవరిదనుకున్నారు? గిజిగాళ్ళది. గూళ్ళు అల్లడంలో వాటికి సాటి లేదని మీకు తెలుసు కదా. ఆ ఒడ్డు గిజిగాళ్ళు గూళ్ళతో పాటు బుట్టలు కూడా అల్లేవి. మామూలు బుట్టలు కావు, తోకబుట్టలు!

తోకబుట్ట అంటే ఏమిటో చెప్పనా? వాగుకు అవతల ఒక కొండ ఉంది. కొండ నిండా కోతులే. చెట్టెక్కాలంటే కోతికి నాలుగు కాళ్ళూ కావాలి. మరి కోసిన పళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే తోకకు తగిలించుకునే బుట్ట! నవ్వకండి, కోతులకు అదే పెద్ద సౌకర్యం. గిజిగాడి పిల్లకు రెక్కలు రాగానే ముందు నేర్పేది ఏమిటంటే, కోతి తోకంత లావున్న పుల్ల చుట్టూ బుట్ట పిడి అల్లడం.

బుట్టకు రెండు దోసిళ్ళ జొన్నలు ఇచ్చేవి కోతులు. గడ్డి కోసి తెచ్చే కుందేళ్ళకూ, బుట్టల్ని వాగు దాటించే తాబేళ్ళకూ ఆ జొన్నల్లోనే వాటా. అందుకని గిజిగాళ్ళు గింజలు ఏరుకోవడం ఎప్పుడో మానేశాయి.

"మనకెందుకు ఆ తిప్పలు? కొండ ఉంది, కోతులున్నాయి!" అనేవాడు పసుపన్న. ఆ ఒడ్డు గిజిగాళ్ళకు అతనే పెద్ద. అతని గూట్లో అప్పుడే మూడు గుడ్లు పగిలి మూడు పిల్లలు బయటికొచ్చాయి.

ఒకరోజు దూకుడయ్య రాయి మీంచి రాయి మీదికి గెంతుతూ వాగు దాటి వచ్చాడు. అతను కొండకు బుట్టలు కొనుక్కెళ్ళే కోతి.

"పసుపన్నా, కొంప మునిగింది!" అన్నాడు రొప్పుతూ.

"ఏమైందయ్యా?"

"మా బొచ్చుదొర సుంకం వేశాడు! ఈ ఒడ్డు బుట్ట కొంటే దొర గుహలో రెండు దోసిళ్ళ జొన్నలు పొయ్యాలట. నీకు రెండు, దొరకు రెండు. మావాళ్ళు ఎక్కడ కొంటారు? కొండ మీద కాకులు అల్లిన బుట్టలే కొనమంటున్నాడు."

బొచ్చుదొర అంటే ఆ కొండను ఏలే ఎలుగుబంటి.

"కాకులా? బుట్టలా?" అని పసుపన్న పడీపడీ నవ్వాడు. కానీ ఆ రోజు కొండకు వెళ్ళిన బుట్టల్లో సగానికి పైగా సాయంత్రానికి తిరిగొచ్చేశాయి. పసుపన్న గూట్లో ఉన్న పిల్లల వైపు చూశాడు. ఇంకో నెలలో ముసురు పడుతుంది. ముసురులో గింజ దొరకదు. అప్పటికి గూట్లో తిండి లేకపోతే పిల్లలు బతకవు!

మొదట పసుపన్న ధర తగ్గించాడు. "బుట్ట ఒక్క దోసిలికే!" అని చాటించాడు. కోతులు ఎగబడ్డాయి. ఆ సంగతి తెలిసి బొచ్చుదొర సుంకాన్ని మూడు దోసిళ్ళు చేశాడు. కోతులు మళ్ళీ వెనక్కి తగ్గాయి.

తర్వాత పసుపన్న స్వయంగా కొండకు ఎగిరాడు. "దొరా, మా పిల్లల నోటి దగ్గర కూడు లాక్కోకండి," అని బతిమాలాడు.

"నా కొండ, నా సుంకం! మా కాకులు బతకొద్దా?" అని గుర్రుమన్నాడు బొచ్చుదొర.

పసుపన్న ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి ఒడ్డు బోసిపోయి ఉంది. మూడు కుటుంబాలు గూళ్ళు వదిలి వెళ్ళిపోయాయి. పని లేని తాబేళ్ళు ఇసకలో తలలు లోపలికి లాక్కుని పడుకున్నాయి. గడ్డి కోసే కుందేలు గంతులమ్మ మాత్రం కాచుకుని కూర్చుంది.

"ఇంక గడ్డి కొయ్యొద్దా అన్నా?" అంది.

పసుపన్న ఆమె మూతి చూశాడు. నిండా గాట్లు! "ఏమిటమ్మా అవి?"

"రెల్లుగడ్డి నోటితో మోస్తే కోసుకోదా? ఎప్పుడూ ఉండేవేలే. నా బాధ అది కాదన్నా. గడ్డి కోసే చోట సామలు పండి నేలపాలవుతున్నాయి. నోట్లో గడ్డి పెట్టుకుని గింజలెలా తేను? వీపు మీద మోసే బుట్ట ఒకటుంటే నీకు సగం, నాకు సగం తెచ్చేదాన్ని."

పసుపన్నకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఆమె తెచ్చిన గడ్డితోనే బుట్టలు అల్లాడు. నీకేం కావాలని ఒక్కసారి కూడా అడగలేదు!

"వీపుబుట్టా? మనకు రాదు. దొర మనసు మారేదాకా ఆగుదాం," అన్నాయి ముసలి గిజిగాళ్ళు.

"ముసురు ఆగుతుందా?" అన్నాడు పసుపన్న. తోకంత లావు పుల్లను ముక్కుతో పట్టి వాగులోకి విసిరేశాడు. అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

మొదటి బుట్ట అల్లాడు. గంతులమ్మ ఒక్క గంతు వేసింది. బుట్ట జారి పొట్ట కిందికొచ్చింది! రెండో బుట్ట అల్లాడు. పట్టీ మెడకు బిగుసుకుని గంతులమ్మ కళ్ళు తేలేసింది! మూడో బుట్టకు పట్టీ వెడల్పు చేసి, రొమ్ము మీదుగా తిప్పాడు. గంతులమ్మ గెంతింది. ఇంకా ఎత్తు గెంతింది!

"ఉంది! ఉంది! వీపు మీదే ఉంది!" అని ఒడ్డంతా అరుపులు.

సాయంత్రానికి బుట్టనిండా సామలు వచ్చాయి. మర్నాడు ఉడతలు వచ్చాయి. "మాకో కాయల బుట్ట!" తాబేళ్ళు మెల్లగా వచ్చాయి. "మా డిప్ప మీద నిలబడేది ఒకటి!" గిజిగాళ్ళకు ఊపిరి తిరగనంత పని! బుట్టకు బదులుగా అందరూ గింజలు తెచ్చిచ్చారు. ముసురు పట్టేనాటికి గూళ్ళలో తిండి చేరింది. జొన్నల రోజుల్లో ఉన్నంత కాదు, అయినా సరిపోయింది. మూడు పిల్లలూ బతికాయి.

ముసురు వెలిశాక అవతలి ఒడ్డున ఒకటే గోల! దూకుడయ్య కోతులన్నిటినీ వెంటేసుకుని వచ్చాడు. "దొర సుంకం తీసేశాడు!" అని కేకలు పెట్టాడు. "కాకిబుట్టలన్నీ చిల్లులే! నిన్న ఒక సీతాఫలం జారి సరిగ్గా బొచ్చుదొర నెత్తిన పడింది! పసుపన్నా, బుట్టకు మూడు దోసిళ్ళిస్తాం. మిగతావన్నీ మానేసి మాకే అల్లు!"

మూడు దోసిళ్ళు! గిజిగాళ్ళు ఎగిరి గంతేశాయి. నిజం చెప్పాలంటే పసుపన్న మనసు కూడా ఎగిరింది. ఒక ముసలి గిజిగాడైతే తాబేలు కోసం సగం అల్లిన బుట్టను అప్పుడే విప్పేయబోయాడు.

"ఆగు!" అని అరిచాడు పసుపన్న. రెక్కలొచ్చిన తన ముగ్గురు పిల్లల వైపు చూశాడు. "అల్లుతాం దూకుడయ్యా. కానీ పది బుట్టల్లో మూడే మీ కొండకు. మిగతావి ఇక్కడివాళ్ళకు."

"మూడు దోసిళ్ళయ్యా! పిచ్చా నీకు?"

"మీ దొర మళ్ళీ సుంకం వెయ్యడని నువ్వు మాటిస్తావా?"

దూకుడయ్య తల గోక్కున్నాడు. చివరికి, "మరి నా బుట్ట ఎప్పుడిస్తావు?" అన్నాడు.

"వరసలో నిలబడు. అదిగో, ఆ తాబేలు వెనక."

ఒడ్డంతా ఘొల్లున నవ్వింది. పాపం దూకుడయ్య! తాబేలు ఒక అడుగు వేస్తే తనూ ఒక అడుగు వేస్తూ, పొద్దు వాలేదాకా ఆ వరసలోనే నడిచాడు.

నీతి: అమ్ముకోవడానికి ఒక్క గుమ్మాన్నే నమ్ముకుంటే, ఆ తలుపు మూసుకున్న రోజున మన కడుపు మాడుతుంది; పక్కవాళ్ళకేం కావాలో కూడా అడిగి తెలుసుకోవాలి.