గజసింహుడి కొత్త బిరుదులు

రాజ్యం పేరు చెబితే అక్కడివాళ్లు పోట్లాటకొస్తారు కాబట్టి ఒకానొక రాజ్యం అనే అనుకోండి. దాన్నేలే గజసింహదేవుడు పొగడ్తంటే చెవి కోసుకుంటాడు. రోజూ కొలువు మొదలవగానే ఆయన బిరుదులన్నీ గొంతెత్తి చదవడం కొండుభట్టు ఉద్యోగం. చదువుతుంటే రాజు కళ్లు మూసుకుని తలాడిస్తాడు. ఆగినచోటల్లా సభ ‘జయీభవ’ అంటుంది. అందులో ఏముందో ఇంతకాలంలో ఒక్కరైనా విన్న పాపాన పోలేదని కొండుభట్టుకు తెలుసు. జీతం వస్తోంది కదా అని ఊరుకున్నాడు.

కోటలో ఒక రసాయనశాల ఉంది. మందులూ, రంగులూ, తుపాకిమందూ అక్కడే చేస్తారు. కొండుభట్టు కూతురు మల్లాంబ అందులో చదువుకుంటోంది. ఆ ఏడు సముద్రాలవతల చదివొచ్చిన సోమయాజి అనే పండితుడు శాలకు పెద్ద అయ్యాడు. వీసెలూ తులాలూ అటకెక్కించి, గ్రాము అనే కొత్త తూకం తెచ్చాడు. దాని ముందు చిన్న చిన్న మాటలు తగిలించాలట. కిలో తగిలిస్తే వెయ్యి రెట్లు, హెక్టో అయితే నూరు, డెకా అయితే పది. అక్కణ్ణుంచి కిందికి దిగితే డెసి అంటే పదో వంతు, సెంటీ నూరో వంతు, మిల్లీ వెయ్యో వంతు. మైక్రో అంటే పది లక్షల్లో ఒక వంతు, నానో అంటే ఏకంగా నూరు కోట్లలో ఒక వంతు.

రాజుగారికి ఈ వరస తెగ నచ్చింది. కంఠతా పట్టేసి, కనిపించినవాడికల్లా అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఏనుగు మావటివాణ్ణి కూడా వదల్లేదు. చివరికి ఉత్సాహం పట్టలేక చాటింపు వేయించాడు. మర్నాడు కొలువులో శాల విద్యార్థులంతా ఆ వరస ఆగకుండా చెప్పాలి. తప్పినవాళ్లు మళ్లీ శాల గడప తొక్కకూడదు.

ఆ సాయంత్రం కొండుభట్టుకు కాలు నిలవలేదు. వసారాలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూనే ఉన్నాడు.

“మళ్లీ చెప్పమ్మా.”

“కిలో, హెక్టో, డెసి...”

“డెకా!”

“అదే నాన్నా, డెకా, డెసి, మిల్లీ...”

“సెంటీ ఎక్కడికి పోయింది తల్లీ?”

మల్లాంబ కళ్లలో నీళ్లు తిరిగాయి. “తూచమను, తూస్తాను. మిల్లీగ్రాము పాషాణం వేస్తే మందవుతుంది, డెకాగ్రాము వేస్తే పాడె కట్టాలి. ఆ తేడా నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఒట్టి పేర్లు వరసగా వల్లించమంటే మాత్రం నోరు తిరగట్లేదు. ఆ సోమయాజి పంతులుగారు నా ముఖంలోకి చూస్తూ నిలబడితే వచ్చినవి కూడా పోతాయి.”

కొండుభట్టుకు ఒళ్లు మండిపోయింది. అంత తెలిసిన పిల్లను రేపు గెంటేస్తారు. ఏమీ తెలియకపోయినా గడగడా వల్లించినవాడు నెగ్గుతాడు. మళ్లీ నడక మొదలుపెట్టాడు. నడిచి నడిచి ఒక ఎత్తు వేశాడు గానీ కూతురికి చెప్పలేదు. ముందే తెలిస్తే అది పరీక్ష కాదు మరి.

మర్నాడు సభ కిటకిటలాడింది. విద్యార్థులు గోడవారగా పెదాలు కదుపుతూ నిలబడ్డారు. రాజు ముందు తానే వరసంతా చెప్పేసి, మీసం దువ్వుకుని, కళ్లు మూసుకున్నాడు. కొండుభట్టు బిరుదులందుకున్నాడు. పాతవన్నీ అయ్యాక గొంతు సవరించుకున్నాడు.

“మిల్లీ పరాక్రమ!”

“జయీభవ!” అంది సభ. తనకిష్టమైన మాట తన బిరుదులోకే వచ్చేసరికి రాజు పెదవులు విచ్చుకున్నాయి. సోమయాజి చప్పట్లు కొట్టాడు. మల్లాంబ మాత్రం నేలచూపు చూస్తూ వరస గొణుక్కుంటూనే ఉంది. ‘వినవే తల్లీ’ అని కొండుభట్టు లోలోపల మొత్తుకున్నాడు. ఇంకెవరో ముందుగా వింటే తన తల పోతుంది, పిల్ల చదువూ పోతుంది.

“మైక్రో మేధానిధి!”

“జయీభవ!”

మల్లాంబ గొణుగుడు ఆగింది. తలెత్తి తండ్రి వంక చూసింది.

“నానో దానకర్ణ!”

సభంతా ‘జయీభవ’ అంది. మల్లాంబ ఫక్కున నవ్వేసింది.

రాజు కళ్లు తెరిచాడు. “ఎవరది? నా బిరుదులు వింటే నవ్వొస్తోందా?”

మల్లాంబ గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “చెప్పమ్మా, ప్రభువులు అడుగుతున్నారు కదా” అన్నాడు కొండుభట్టు.

“క్షమించండి ప్రభూ. తమ పరాక్రమంలో మా నాన్న వెయ్యో వంతే ఉంచాడు. తెలివిని పది లక్షల ముక్కలు చేసి ఒక్క ముక్క మిగిల్చాడు. ఇక దానగుణం...”

“ఊఁ, దానగుణం?”

“నూరు కోట్లలో ఒక వంతు ప్రభూ. మా శాల త్రాసుకు కూడా అందదు.”

రాజు ముఖం ఎర్రబడింది. “భట్టూ! నీ తల తీయిస్తాను!”

“చిత్తం. కానీ పరీక్ష పెట్టమన్నది ఏలినవారే కదా. వరస తప్పులేకుండా చెప్పగలవారు ఇక్కడ ఇద్దరున్నారు. ఒకరు విని చిరునవ్వు నవ్వారు, ఇంకొకరు చప్పట్లు కొట్టారు. అర్థమైంది మాత్రం ఈ పిల్ల ఒక్కదానికే. తప్పినవాళ్లు శాల గడప తొక్కకూడదని తమ ఆజ్ఞ. ఎవరెవరిని ఆపాలో సెలవియ్యండి.”

రాజు సోమయాజి వంక చూశాడు. సోమయాజి దూలాలు లెక్కపెడుతున్నాడు. రాజు మీసం అదిరింది. తర్వాత పొట్ట కదిలింది. చివరికి సింహాసనం ఊగేలా నవ్వాడు.

“నానో దానకర్ణ! పైగా దానికి జయీభవ కూడానా! సోమయాజిగారూ, ఇకమీదట పరీక్షలన్నీ త్రాసు దగ్గరే పెట్టండి. అమ్మాయీ, శాలలో నీ చోటు నీదే, ఈ కొలువులో కూడా ఒక పీట వేయిస్తాను. భట్టూ, బంగారం ఇస్తాను, ఎంత కావాలి?”

“గ్రాముల్లోనే ఇప్పించండి ప్రభూ. ముందు ఏ మాట తగిలించాలో తమ దానగుణాన్నే అడగండి.”

“కిలో!” అని అరిచాడు రాజు. ఈసారి సభ విని మరీ ‘జయీభవ’ అంది.

ఆనాటి నుంచి బిరుదులు చదివేటప్పుడు గజసింహదేవుడు కళ్లు మూసుకోలేదు. కొత్తది వినబడితే చాలు, ముందు మల్లాంబ పీట వైపు చూసేవాడు. ఆమె నవ్వడంలేదని రూఢి చేసుకున్నాకే తలాడించేవాడు.