మంత్రిగారి తలపాగా

మల్లెలదుర్గం చెత్తంతా కాల్చడానికి మంత్రి భీమశంకరుడు రేవుపేట ఇళ్ల పక్కనే పెద్ద బట్టీ కట్టించాడు. పేట జనం అడ్డం కూర్చుంటే భటులు ఈటెలు ఎత్తారు. చివరికి రాజుగారే వచ్చారు.

“పొగ నేరుగా ఆకాశంలోకి పోతుంది ప్రభూ, ఇళ్ల మీదికి రాదు,” అన్నాడు మంత్రి.

చాకలి గవరమ్మ ముందుకొచ్చింది. “అయితే ఒక్క బండి చెత్త కాల్చి చూపించండి దొరా. మంత్రిగారి తలపాగా ఉతికి మా వాకిట్లో ఆరేశాను. సాయంత్రం ఆయన దాన్ని చుట్టుకుంటే మేమే అడ్డు తప్పుకుంటాం.”

రాజు సరేనన్నాడు.

“పంతానికి చుట్టుకుంటే మన గతేంటే?” అంది పక్కింటి సూరాలు.

బట్టీ అంటించారు. పేటంతా దగ్గింది. తల్లులు పసిబిడ్డల ముఖాలు కొంగుల్లో దాచుకున్నారు.

సాయంత్రం గవరమ్మ మసిబారిన పాగా తెచ్చింది. మంత్రి దాన్ని తల దాకా ఎత్తాడు. ఆ కంపుకి అతను ముక్కు మూసుకుని, “దీంతో ఊపిరెలా ఆడుతుంది ప్రభూ!” అనేశాడు.

“తమరు పాగా తీసి పక్కన పెట్టగలరు బాబూ,” అంది గవరమ్మ. “మేం ఇళ్లు తీసి ఎక్కడ పెట్టుకోవాలి?”

రాజు అప్పటికప్పుడు బట్టీ ఆర్పించాడు. మర్నాడు దాన్ని పడగొట్టడానికి భటులు వచ్చేసరికే, పేట జనం గునపాలతో సగం ఇటుకలు ఊడదీశారు.