అయిదో గిన్నె తీగ

పూర్వం ఒక రాజుగారికి తీపి లేని ద్రాక్షసారా అంటే ప్రాణం. ఆస్థాన రుచిపండితుడు భద్రసేనుడేమో, "తోటమాలి గవరమ్మ కాచేది సారా కాదు ప్రభూ, కుడితి! తోట పీకించి విదేశాలవే తాగండి" అని పోరు పెట్టాడు.

"కళ్లకు గంతలు కట్టుకుని నాదేదో చెప్పమనండి దొరా" అంది గవరమ్మ.

తెర వెనక నుంచి ఆమే అయిదు గిన్నెలు పంపింది. పండితుడు లొట్టలేస్తూ, "యవనం! పారశీకం! చీనా! కాశ్మీరం!" అని ఊగిపోయాడు. అయిదోది తుపుక్కున ఉమ్మి, "ఇదిగో కుడితి!" అన్నాడు.

"అయితే తోట పీకెయ్ గవరమ్మా" అన్నాడు రాజు.

"అలాగే దొరా. కాకపోతే అయిదూ నా ఒక్క కుండలోవే. అయిదో గిన్నె కాసిన తీగ ఏదో పండితులవారే చూపించాలి. పొరపాటున కాశ్మీరం పీకేస్తానేమో!"

రాజు పగలబడి నవ్వి, పండితుణ్ణి తోటకు పంపాడు. పాపం, ఇప్పటికీ తీగ తీగా నాకుతున్నాడట.