మద్దక్క మూట

కాళ్ళు చాపుకొని కూర్చోండి. ఎవరికీ తొందర లేదు గదా? ఇది నడిచి నడిచి అలిసిపోయిన మనిషి కథ. దీన్ని పరిగెత్తిస్తూ చెప్పడం నావల్ల కాదు.

అనగనగా, మన తాతలకు వాళ్ళ తాతలు చెప్పుకున్న కాలంలో, ఎర్రకొండల నడుమ గువ్వలగొంది అని ఒక ఊరు. ఊరంటే పెద్ద ఊరేం కాదు. పాతిక గుడిసెలు, పాతిక దొడ్లు, దొడ్ల నిండా గొర్రెలు. ఆ ఊళ్ళో మద్దక్క అని ఒక ముసలామె ఉండేది. మొగుడు ఎప్పుడో పోయినాడు, పిల్లలు కలగలేదు. ఉన్నదల్లా ఒక గుడిసె, ఒక కదురు, ఒక పెద్ద సంగటి కుండ. మందకు కాపలా కాసే కుక్కలకు సంగటి చెయ్యడం ఆమె పని. ఇంటికింత రాగిపిండి తెచ్చి పోసేవాళ్ళు. ఆమె కెలికి, చల్లార్చి, ముద్దలు చేసి కుక్కలకు వేసేది. కుండలో అడుగంటింది తను తినేది. మిగతా పొద్దంతా ఉన్ని వడుకుతూ కూర్చునేది. అంతే. అట్లాంటి మనిషిని ఎవరు తలుచుకుంటారు చెప్పండి? ఎవరూ తలుచుకోరు.

ఒక ఏడు ఏదో మాయరోగం వచ్చి ఊళ్ళో కుక్కలన్నీ వరసగా చచ్చిపోయాయి. ఆ సంగతి తోడేళ్ళకు ఎవరు చెప్పారో ఏమో! ఇవాళ ఒక గొర్రెపిల్ల, ఎల్లుండి ఇంకో గొర్రెపిల్ల, ఆపైన ఈనబోయే గొర్రె. రెండు నెలల్లో మంద సగమైంది.

మందపెద్ద పేరు గంగులప్ప. మంచివాడే, కానీ పట్టిందే పట్టు. మూడు పొట్టేళ్ళను తోలుకొని కొండ దిగి, ఏరు దాటి, రెండు రోజులు నడిచి చేపలు పట్టే బెస్తవాళ్ళ పేటకు పోయినాడు. మూడు పొట్టేళ్ళు వాళ్ళకిచ్చి మూడు కుక్కలను తెచ్చాడు. మూడూ ఒక తల్లి పిల్లలే. బలంగా ఉన్నాయి, గొంతు విప్పితే కొండ మారుమోగేది. ఊరంతా సంబరపడింది.

మద్దక్క సంగటి ముద్దలు వేసింది. మూడూ మూతి ఆనించి, వాసన చూసి, పక్కకు తిరిగి పడుకున్నాయి. అవి పుట్టినప్పటి నుంచి చేప తలకాయలు తిని, గంజినీళ్ళు తాగి పెరిగినవి. రాగిసంగటి అంటే వాటికి మట్టిముద్ద ఎంతో అదీ అంతే.

"మూడు పొద్దులు మాడ్చండి. అవే తింటాయి" అన్నాడు గంగులప్ప. ఆ ఊళ్ళో పద్ధతే అది. కొత్తగా ఏ జీవం వచ్చినా మూడు పొద్దులు కడుపు మాడ్చి నాలుగో పొద్దున సంగటి చూపిస్తారు. ఆకలి మీద తిండి పెట్టిన చేతిని అది మరిచిపోదట. ఎవడు పెట్టాడో ఆ పద్ధతి, వాడి కడుపు ఎప్పుడన్నా మాడిందో లేదో!

నాలుగో పొద్దు వచ్చింది. మొదటి కుక్క ఆవురావురుమంటూ కుండెడు సంగటి మింగేసింది. పొట్ట ఉబ్బి, గిలగిలా కొట్టుకొని సాయంత్రానికి చచ్చిపోయింది. రెండోది తాడు కొరుక్కొని ఏటివైపు పారిపోయింది, మళ్ళీ ఎవరి కంటా పడలేదు. మూడోది మిగిలింది. అది తినలేదు, పారిపోనూ లేదు. లేచే సత్తువ లేక దొడ్డి వాకిట్లో పడి ఉంది.

"ఇంకో పొద్దు మాడ్చండి" అన్నాడు గంగులప్ప.

మద్దక్క ఎన్నడూ మందపెద్దకు ఎదురు చెప్పిన మనిషి కాదు. కానీ ఆ కుక్క కళ్ళు చూసేసరికి ఆమె ఊరుకోలేకపోయింది. కుండ కింద పెట్టేసింది.

"గంగులప్పా, నేను గూడా ఏటి ఒడ్డు పిల్లనే. పెళ్ళై ఈ కొండకొచ్చినప్పుడు నాకూ సంగటి గొంతు దిగలేదు. మా అత్త నన్ను మూడు పొద్దులు మాడ్చింది. నాలుగో పొద్దున తిన్నా."

"చూశావా మరి! తిన్నావు గదా?"

"ఆకలికి తిన్నానప్పా. ఇష్టంగా తినడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ నేను ఏడవని పొద్దు లేదు."

గంగులప్ప తేల్చి చెప్పేశాడు. "సరే అక్కా. తొమ్మిది పొద్దులు ఇస్తున్నా. పదో పొద్దున ఈ కుక్క మందతో నడవాల. నడవలేదా, దొడ్లు పీకేసి అందరం కిందికి పోదాం. ఉన్న గొర్రెలు తోడేళ్ళకు పెట్టేదానికంటే కూలికి పోయి బతకడం మేలు."

కిందికి పోవడమంటే మద్దక్కకు ప్రాణం ఉసూరుమంది. పుట్టింటి నుంచి ఈ కొండకొచ్చింది. కరువొస్తే మొగుడితో ఇంకో కొండకు పోయింది. మళ్ళీ వెనక్కొచ్చింది. మొగుణ్ణి ఇక్కడే పూడ్చింది. ఇంకో ఊరు మారే కాళ్ళు ఆమెకు లేవు. అందరూ మూటలు సర్దుకొని దిగిపోతే తను దార్లోనే ఎక్కడో రాలిపోతుందని ఆమెకు తెలుసు.

తెల్లారకముందే లేచింది. తను వడికిన ఉన్ని ఉండ కొంగున కట్టుకొని కొండ దిగింది. అడుగున ఏటి రేవులో ఎండుచేపలామె బుట్ట పెట్టుకొని కూర్చుంటుంది. మద్దక్క చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. ఒక ఉన్ని ఉండకు ఒక దోసెడు ఎండుచేపలు.

"ముసలిదానివి, ఒక కుక్క కోసం ఇంతదూరం దిగొచ్చినావా అవ్వా?" అంది ఎండుచేపలామె.

"కుక్క మీద ప్రేమా, నా మీద ప్రేమా నాకే తెలీదు తల్లీ. అలిసిపోయినా. ఆ చేపలియ్యి."

పొద్దుగుంకే వేళకు ఇల్లు చేరింది. చేపలు నానబెట్టి, ముళ్ళు తీసి, మెత్తగా మెదిపింది. అందులో వేలి కొనతో ఒక్క రవ్వంత సంగటి కలిపింది. కుక్క పక్కన నేల మీద చతికిలబడింది.

"తొందరేం లేదులే పిల్లా. తిన్నంత తిను. రేపు చూద్దాం."

కుక్క తల ఎత్తింది. మూడు ముద్దలు తిని మళ్ళీ పడుకుంది. మద్దక్క అక్కడే కదురు తిప్పుతూ కూర్చుంది, రెండో ఉండ కోసం.

మూడు పొద్దులు అట్లా గడిచాయి. చేప ఎక్కువ, సంగటి రవ్వంత. కుక్క లేచి నిలబడింది. తోక ఒకటికి రెండుసార్లు ఊపింది. కానీ చేపలు అయిపోయాయి. నాలుగో పొద్దున మద్దక్క మళ్ళీ కొండ దిగింది. ఈసారి మడమలు పగిలి నెత్తురొచ్చింది. పొయ్యి మీద ఉడికే కుండలాగా రొప్పుతూ వచ్చి వాకిట్లో కూలబడింది.

"తొందరేం లేదులే పిల్లా. నాకు లేదు, నీకూ వద్దు. రేపు చూద్దాం."

ఇప్పుడు చేప సగం, సంగటి సగం. కుక్క తింది. ఆ మరుసటి రోజూ తింది.

ఇక్కడ మద్దక్క ఒక తప్పు చేసింది. అబద్ధం ఎందుకు చెప్పాల, మనుషులన్నాక చేస్తారు. ఆరో పొద్దున ఆమె కాళ్ళు పొంగి గుంజలైపోయాయి. ఇంకోసారి కొండ దిగడం తలుచుకుంటేనే కళ్ళనీళ్ళొచ్చాయి. ఉన్న చేపలతోనే సరిపెడదామనుకుంది. ఒక పెద్ద సంగటి ముద్ద చేసి, పైపైన రెండు చేప ముక్కలు పులిమి పెట్టింది. కుక్క ఆమె మొహం చూసి, ఆమె మీద నమ్మకంతో మొత్తం తినేసింది. గంట తిరక్కుండా అంతా కక్కేసింది. మర్నాడు పొద్దున మిగిలిన ఆఖరి చేప ముక్క పెట్టినా ముట్టలేదు.

గంగులప్ప వచ్చి చూశాడు. "ఏమక్కా, నీ పద్ధతి గూడా ఇంతేనా?"

"పద్ధతిది కాదప్పా తప్పు, నాది. నా కాళ్ళు చూసుకొని దాని కడుపు చూడలేదు" అంది మద్దక్క. అని, గోడ పట్టుకొని లేచి, ఊతకర్ర తీసుకుంది.

"యాడికి?"

"రేవుకే. ఇంకా మూడు పొద్దులున్నాయి గదా."

గంగులప్ప ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ఎందుకు మూసుకున్నాడో కాసేపాగితే మీకే తెలుస్తుంది.

మూడోసారి మద్దక్క కొండ దిగింది. తల ప్రాణం తోకకొచ్చింది. తిరిగి ఎక్కేటప్పుడు మూడు చోట్ల కూలబడింది. ఒకచోట రాయి మీద కూర్చొని బిగ్గరగానే ఏడ్చింది. ఆ కొండ మీద ఎవరున్నారని సిగ్గు? ఏడ్చి, ముక్కు చీదుకొని, మళ్ళీ ఎక్కింది.

ఆ సాయంత్రం చేప ఎక్కువ, సంగటి కొంచెం. కుక్క మెల్లగా తింది. మర్నాడు సగం సగం. తొమ్మిదో పొద్దున సంగటే ఎక్కువ, చేప నానిన నీళ్ళు పైన చిలకరించింది. మద్దక్క కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. కుక్క తింది. గిన్నె అంచు దాకా నాకింది. ఆమె గంట చూసింది, రెండు గంటలు చూసింది. కక్కలేదు. మద్దక్క అక్కడే, నేల మీదే పడుకొని నిద్రపోయింది.

పదో పొద్దున కుక్క మందతో నడిచింది.

పదమూడో పొద్దున, గొర్రెలు దొడ్డికి తిరిగొచ్చే వేళ, వాగు మలుపు దగ్గర తోడేలు మాటేసింది. మద్దక్క కాళ్ళకు ఆకులు కట్టుకొని వాకిట్లో పడుకొని ఉంది. ఆమెకు తోడేలు కనపడలేదు. కుక్క అరుపు వినపడింది. రెండు నెలలుగా ఆ ఊళ్ళో వినపడని అరుపు. ఆ అరుపు వాగు దాటి, గుట్ట దాటి దూరంగా పోయింది, మళ్ళీ దగ్గరికొచ్చింది. ఆ రోజు ఒక్క పిల్ల పోలేదు. గువ్వలగొందిలో ఎవరూ దొడ్లు పీకలేదు.

ఆ రాత్రి కాదు, మర్నాడు పట్టపగలు గంగులప్ప వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఒక మాట దాచినా."

"చెప్పప్పా."

"ఆ రోజు పేటలో బెస్తవాళ్ళు ఒక్కో కుక్కతో ఒక్కో ఎండుచేపల మూట ఇయ్యబోయినారు. అలవాటయ్యేదాకా పెట్టండి అన్నారు. నేనే వద్దన్నా. మా కొండకొచ్చే కుక్క మా సంగటే తినాల, మీ మూట మాకెందుకు అన్నా."

మద్దక్క వాచిన కాళ్ళను ఒక్కోదాన్నీ చేత్తో పక్కకు జరుపుకుంది.

"కోపమొచ్చిందా అక్కా?"

"కోపగించుకునే సత్తువ గూడా లేదప్పా. ఆ మూటలు తెచ్చుంటే ఆ రెండు కుక్కలూ ఇక్కడే ఉండేవి. నా కాళ్ళు నాకు మిగిలేవి. అంతే గదా" అంది. తిట్టినా బాగుండేదని గంగులప్ప ఆ తర్వాత అందరితో చెప్పుకున్నాడట.

మద్దక్క కాళ్ళ వాపు తగ్గలేదు. ఆ ఎండాకాలం దాటకుండానే ఒక మధ్యాహ్నం, కదురు ఒళ్ళో ఉండగానే కన్ను మూసింది. మొగుడి పక్కనే పూడ్చారు. కుక్క పోయి ఆ మట్టి మీద పడుకుంది. ఎవరు సంగటి పెట్టినా ముట్టలేదు.

ఎవడో అన్నాడు, "మూడు పొద్దులు మాడితే అదే..."

"నోరు ముయ్‌రా!" అని అరిచాడు గంగులప్ప.

మద్దక్క బుట్టలో వడికి పెట్టిన ఆఖరి ఉన్ని ఉండ ఉంది. అది తీసుకొని తనే కొండ దిగాడు. ఎండుచేపలామె ఆ ఉండను చూసి గుర్తుపట్టింది. "అవ్వ రాలేదేం?" అని అడిగింది. గంగులప్ప ఉండను ఆమె బుట్టలో పెట్టి చేపల కోసం చెయ్యి చాపాడు. తిరిగి ఎక్కేటప్పుడు, ఉక్కులాంటి మనిషి, మూడు చోట్ల కూలబడ్డాడు. ముసలిది ఈ దారిలో మూడుసార్లు ఎట్లా తిరిగిందిరా దేవుడా అని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత తొమ్మిది పొద్దులు ఆ కుక్క పక్కన నేల మీద కూర్చొని, తన చేత్తో ముళ్ళు తీసి, చేపా సంగటీ కలిపి, దాని తిండి దానికి తినిపించాడు. ఆ తర్వాతే ఊరిని పిలిచి కట్టుబాటు చేశాడు.

ఆ కట్టుబాటు ఆ కొండల్లో ఇప్పటికీ ఉంది. కుక్కపిల్లను ఇచ్చేవాళ్ళు దానితోపాటు అది తినే తిండి తొమ్మిది పొద్దులకు సరిపడా మూట కట్టి ఇస్తారు. దాన్ని మద్దక్క మూట అంటారు. కోడలు కాపురానికొచ్చినా అంతే, పుట్టింటి బియ్యమో జొన్నలో మూటలో రావలసిందే. అది అయిపోయేదాకా ఆ పిల్ల ఏం తిన్నా, ఏం వదిలినా, అత్త నోరెత్తకూడదు.

ఎవరన్నా మరిచిపోయి ఉత్త చేతులతో కుక్కపిల్లను తెస్తే వాకిట్లోనే ఆపేస్తారు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు లోపలి నుంచే అడుగుతారు.

"మూటేదప్పా? ఆ ముసలామెను మళ్ళా కొండ దింపుతావా?"

తెచ్చినవాడు ఇంకో మాట మాట్లాడడు. వెనక్కి తిరిగి, ఎంత దూరమైనా, నడిచిపోయి మూట తెస్తాడు.