ఆ ఇద్దరూ జంటేనా?

అనగనగా వానలు విడవకుండా కురిసే అడవి ఒకటి ఉండేది. వినండి పిల్లలూ, ఆ అడవిలో వకుళ, మందార అని రెండు ఆడ ముంగిసలు ఉండేవి. రెండిటిదీ ఒకే బొరియలో కాపురం. ఒకటి తిండి తెస్తే, ఇంకొకటి బొరియ బాగుచేసేది. పోట్లాడుకునేవి. మళ్లీ ఒకదాని మీద ఒకటి తల పెట్టుకుని పడుకునేవి.

ఒకరోజు మందారను పాము కాటేసింది. వకుళ మందారను వీపు మీద వేసుకుని వైద్యం చేసే ఎలుగుబంటి గుహకు పరుగెత్తింది. ఎలుగుబంటి మందారను లోపలికి తీసుకుపోయింది. వెనకే వెళ్లబోయిన వకుళకు కాపలా ముళ్లపంది అడ్డం వచ్చింది.

"రోగి జంట మాత్రమే లోపల ఉండాలమ్మా," అంది.

"నేనే దాని జంటను, అన్నా!"

ముళ్లపంది అయోమయంగా చూసింది. "ఇద్దరూ ఆడవాళ్లే కదా? అదెలా?"

"అలాగే. ఎప్పట్నుంచో."

"ఏమో, నాకు తెలీదు. ఇలాంటిది ఎప్పుడూ రాలేదు. నువ్వు బయటే కూర్చో."

వకుళ వానలో కూర్చుంది. లోపల నుంచి మందార మూలుగు వినిపిస్తూనే ఉంది.

మందార బతికింది. కానీ బయటికి రాగానే, "నన్నొదిలి ఎక్కడికి పోయావు?" అని అడిగింది. వకుళ ఏడ్చేసింది.

మందార కోలుకున్నాక రెండూ న్యాయం చెప్పే ఏనుగు దగ్గరకు వెళ్లాయి. "తాతా, మేమూ జంటేనని తీర్పు చెప్పు," అన్నాయి.

ఏనుగు తికమకపడింది. చట్టాలన్నీ నోటికి వచ్చిన గుడ్లగూబను పిలిచింది.

"చట్టంలో 'జంట' అని మాత్రమే ఉంది," అంది గుడ్లగూబ. "ఒకటి మగ, ఒకటి ఆడ అయ్యుండాలని లేదు. అక్కర్లేదని కూడా లేదు."

తికమక ఇంకా పెరిగింది.

"జంటంటే పిల్లల్ని కనాలి కదా!" అంది సభకు వచ్చిన దుప్పి.

"మీ పిన్నికి పిల్లల్లేరు. ఆమెది జంట కాదా?" అంది వకుళ.

"రేపు చెట్టూ పుట్టా కూడా జంట అంటే?" అంది నక్క.

"చెట్టు అడిగినప్పుడు చూద్దాం. ఇప్పుడు అడుగుతున్నది మేం," అంది మందార.

ఏనుగు తొండం ఊపింది. చివరికి, "ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు. కాబట్టి కుదరదు," అంది.

"ఇప్పుడు మేం అడిగాం కదా తాతా?"

ఏనుగు సభ చాలించి వెళ్లిపోయింది.

"అనవసరంగా అడిగామా?" అంది మందార దారిలో. వకుళకూ తెలియలేదు.

అంతలో పొదల చాటు నుంచి రెండు మగ అడవిదున్నలు బెరుకుగా బయటికి వచ్చాయి. "అక్కా, మేమూ అడగాలనుకుంటున్నాం. భయమేస్తోంది."

"మాకూ వేసింది. అయినా అడిగాం. మీరూ అడగండి," అంది వకుళ.

దున్నలు అడిగాయి. ఓడిపోయాయి. ఆ తర్వాత ఇంకెవరో వచ్చారు. వస్తూనే ఉన్నారు. ప్రతిసారీ ఏనుగుకు కాదనడం మరింత కష్టమైంది.

ఒకనాడు అది నిండు సభలో ఇలా అంది: "ఎందుకు కుదరదని నన్ను నేనే అడుగుతున్నాను. నాకే జవాబు దొరకడం లేదు. కారణం చెప్పలేని అడ్డు నేను పెట్టను. వీళ్లూ జంటలే."

అప్పటికి ముంగిసలు రెండూ ముసలివైపోయాయి. మందారకు చెవులు సరిగా వినిపించవు.

"ఏమంటోంది తాత?" అని అడిగింది.

"మనం జంటేనట!" అని వకుళ దాని చెవిలో అరిచింది.

మందార అయోమయంగా చూసింది. "అది మనకు తెలుసుగా?" అంది.

నీతి: ఇంతకుముందు ఎవరూ అడగలేదన్నది, ఇప్పుడు అడిగినవాళ్లకు న్యాయం నిరాకరించడానికి కారణం కాదు.