చుక్కవ్వ అడిగిన తోవ

ఎండలు ముదిరాయంటే గద్దకొండ కింద వాగు ఇసుకమేట అయిపోతుంది. అప్పుడిక కొండమేకల మందకి దిక్కు ఒక్కటే, కొండ నెత్తిన బండసందులో ఊరే నీటి చెలమ. అక్కడికి తోవ తెలిసింది ముసలిమేక చుక్కవ్వకి మాత్రమే.

ఈ ఏడు చుక్కవ్వకి గుండెల్లో రాయి పడింది. పొద్దున మేసిన పొద మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. తోవ కూడా అలాగే జారిపోతే మంద మొత్తం దప్పికతో చస్తుంది. అందుకే వాగు ఇంకా పారుతుండగానే పిల్లల్ని వెంటబెట్టుకుని రోజూ కొండెక్కసాగింది. అవి ఆమె తోక చూసుకుంటూ, కునికిపాట్లు పడుతూ నడిచేవి.

ఇది చూసి గుంటనక్క పక్కన చేరింది.

"ఎందుకత్తా ఈ యాతన? మలుపు మలుపుకీ తునికిపళ్ళు పడేస్తాను. పిల్లలు వాటంతటవే పరుగెత్తుకొస్తాయి."

"నీకేం లాభం అల్లుడూ?"

"పుణ్యం అత్తా, పుణ్యం!"

చుక్కవ్వ అలసిపోయి ఉంది. సరేనంది. నిజంగానే పిల్లలు ఎగురుకుంటూ కొండెక్కాయి. కానీ ఒకరోజు కోతులు ముందే వచ్చి పళ్ళన్నీ మింగేశాయి. పిల్లలు తోవలోనే చతికిలబడ్డాయి.

"లేవండర్రా!"

"పళ్ళు లేవుగా అవ్వా, ఊరికే ఎందుకు నడవాలి?" అంది బొల్లిపిల్ల.

"పోనీ, తోవలో ఉన్న ఆ గద్దబండ దాటాక ఎటు తిరగాలో చెప్పండి."

ఒక్కదానికీ తెలీదు. ఏ పండు ఏ పొద కింద దొరికిందో మాత్రం అన్నీ గడగడా చెప్పాయి.

మర్నాడు నక్కని ఇక పళ్ళు తేవద్దంది చుక్కవ్వ. తను అందరికంటే వెనక నిలబడి, "ఎటు?" అని అడిగి నోరు మూసుకుంది. పిల్లలు తగువులాడుకుని గద్దబండ పక్కనున్న ముళ్ళలోయలోకి దిగాయి. ఒళ్ళంతా గీరుకుని తిరిగొచ్చాయి.

"తెలిసీ చెప్పవేంటవ్వా?" అని కర్రిపిల్ల ఏడుపు లంకించుకుంది.

"ఎటు?" అంది చుక్కవ్వ మళ్ళీ.

పడిన చోటే వాటికి బాగా గుర్తుండిపోయింది. తోవ దొరికినప్పుడల్లా గంతులేసేవి. పళ్ళ ఊసే లేదు. తెల్లవారకముందే వచ్చి, "లే అవ్వా, ఎటో అడుగు!" అని ఆమెనే లేపేవి. ఇంత చిన్న బుర్రల్లో అంత పెద్ద కొండ ఎలా పట్టిందా అని చుక్కవ్వ నోరు తెరుచుకుని చూసేది.

నక్క చెవిన పడింది మాత్రం ఆ "ఎటు" ఒక్కటే. 'ముసల్దానికి తోవ మరుపొచ్చింది. పిల్లల్ని అడుక్కుంటోంది!' అని మురిసిపోయింది. వాగు ఎండిన రోజున గద్దబండ నుంచి ముళ్ళలోయ దాకా తునికిపళ్ళు పరిచి, లోయలో పొంచి కూర్చుంది.

మంద గద్దబండ చేరింది. చుక్కవ్వ తలెత్తి చూసింది. కొండ ఎప్పుడూ చూడనట్టుంది. కుడీ ఎడమా ఒకేలా ఉన్నాయి. ఇన్నాళ్ళూ తెలిసి అడిగింది. ఈరోజు తెలియక అడిగింది.

"ఎటు?"

పిల్లలు పకపకా నవ్వాయి. "మళ్ళీ ఆటేనా అవ్వా!"

బొల్లిపిల్ల పళ్ళవైపు మూతి చాచింది.

"అటు కాదే! ఆ లోయలోనేగా నీ చెవి చిరిగింది?" అంది కర్రిపిల్ల.

"అవును కదా! చీలిన మద్దిచెట్టు మనకి కుడిపక్కన రావాలి," అంటూ బొల్లిపిల్లే ముందు నడిచింది.

ఈసారి చుక్కవ్వ వాటి తోకలు చూసుకుంటూ నడిచింది. బండసందులో నీళ్ళు తళుక్కుమన్నాయి. మూతి ముంచబోయి ఆగిపోయింది. తనలోంచి జారిపోయిన తోవ ఇన్ని తలల్లో బతికే ఉంది! అందరూ తాగాకే తాగింది.

పొద్దువాలేసరికి కింద నక్క నాలుక వేలాడేసుకుని తిరుగుతోంది. పసిగట్టి పోదామన్నా, వడగాలికి బండలమీద మేకల వాసన కూడా మిగల్లేదు.

"అత్తా, గొంతెండిపోతోంది! చెలమకి ఎటు?" అని కింద నుంచే అరిచింది.

చుక్కవ్వ నోరు విప్పేలోపే పిల్లలన్నీ ఒక్కసారిగా అరిచాయి.

"పళ్ళు పరిచినవైపే పో మామా!"

నీతి: ఎర చూపి నడిపించిన తోవ ఎర అయిపోగానే ఆగిపోతుంది, అడిగి నడిపించిన తోవ అడిగినవాళ్ళు మరిచిపోయినా మిగిలే ఉంటుంది.