నెమరు వేయని దుప్పి

వినండర్రా! గుమ్మడిమెట్ట అడవిలో ఎలుగులున్నాయి, ఏదుపందులున్నాయి, చెట్టుకు పదేసి కొండముచ్చులున్నాయి. వాటి మధ్యే ఒక దుప్పుల మంద కూడా ఉండేది. ఆ మందకు పెద్ద కొమ్ములదొర. పేరుకు తగ్గట్టే తలమీద చెట్టు మొలిచినట్టు కొమ్ములు! వాగుకు వెళ్తే ముందు నీళ్ళలో తన నీడ చూసుకుని మురిసిపోయి, ఆ తర్వాతే మూతి ముంచేవాడు.

ఆ మందలోనే చుక్కాలు అనే ఆడదుప్పి ఉండేది. దానికి నెల నిండని కూన ఒకటి, పేరు చిట్టి. కిందటేడు పుట్టిన కూనను తోడేళ్ళు ఎత్తుకుపోయాయి. అందుకే చిట్టి అంటే చుక్కాలుకు పంచప్రాణాలు.

ఒకరోజు ఎక్కడినుంచో ఒక కొత్త దుప్పి వచ్చింది. వస్తూనే దొర ముందు తల వంచింది.

"దొరా! మూడు కొండలు తిరిగొచ్చాను గానీ, ఇలాంటి కొమ్ములు ఎక్కడా చూళ్ళేదు" అంది.

ఇంకేముంది! దొర ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. ముందూ వెనకా చూడకుండా దాన్ని మందలో చేర్చుకున్నాడు.

చుక్కాలుకు మాత్రం ఏదో తేడాగా తోచింది. దుప్పులు పొద్దున గబగబా మేసి, ఎండెక్కాక నీడన పడుకుని, తిన్నదాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని తీరిగ్గా నెమరేస్తాయి. కొత్త దుప్పి మేసేది, పడుకునేది, దవడ మాత్రం కదిపేది కాదు. చుక్కాలు మూడు రోజులు కనిపెట్టి చూసింది. ఒక్కసారైనా నెమరు లేదు! పైగా రోజూ మధ్యాహ్నం అది ఎటో వెళ్ళిపోయేది.

నాలుగో రోజు చుక్కాలు దాని వెనకే వెళ్ళింది. వాగు అవతల పొదల్లో చెంబు పట్టుకుని ఒక మనిషి కూర్చున్నాడు. చెంబులోని పసుపు నీళ్ళు దుప్పి మీద చల్లి, "గంగులు బావా! గంగులు బావా! గంగులు బావా!" అని మూడుసార్లు పిలిచాడు.

అంతే! దుప్పి వెనక కాళ్ళమీద నిటారుగా లేచింది. కొమ్ములు మాయం, తోక మాయం! చూస్తుండగానే బుర్రమీసాల మనిషై నిలబడింది. చుక్కాలు పొద చాటున నక్కి వింది.

"ముందు సంకటి పెట్టరా సింగన్నా! ఆ గడ్డి నమల్లేక చచ్చిపోతున్నాను" అన్నాడు గంగులు. ఆవురావురుమని తింటూ పని చెప్పాడు. "మళ్ళీ దుప్పినై రేపు పొద్దున మందను కనుమలోకి తెస్తాను. నువ్వు కనుమ చివర బండమీద వల పట్టుకుని కూర్చో. మొదట వచ్చేది నేనే, నన్ను వదిలెయ్. నా వెనక వచ్చినవాటి మీద వల వెయ్."

"కూనలు కూడానా బావా?"

"కూనలే ముఖ్యం! లేత మాంసంరా. కోసి వండాల్సింది కూడా నువ్వే, గుర్తుంచుకో."

చుక్కాలు ఎలా వెనక్కి వచ్చిందో దానికే తెలియదు. వస్తూనే చిట్టిని ఒంటికి హత్తుకుంది. తర్వాత కొమ్ములదొర దగ్గరికి వెళ్ళి ఒగరుస్తూ అంతా చెప్పింది.

దొర పడీ పడీ నవ్వాడు. "మనిషి దుప్పి అవుతాడా? నీకు ఎండదెబ్బ తగిలిందే చుక్కాలూ! కనుమ అవతల మోకాలెత్తు గడ్డి ఉందట. రేపు వాడే ముందు నడిచి దారి చూపిస్తానన్నాడు. మందంతా వెళ్ళాల్సిందే. ఇది నా మాట!"

చుక్కాలుకు ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే చిట్టి బతుకుతుందా? దొర సంగతి దానికి బాగా తెలుసు. అందుకే మాట మార్చింది.

"సరే దొరా, వెళ్దాం. కానీ వాడు ముందు నడిస్తే ఎలా? నువ్వు వాడి వెనక వెళ్తుంటే కొండముచ్చులు చూసి, మందకు పెద్ద మారాడు కాబోలు అనుకోవూ?"

దొర నవ్వు ఆగిపోయింది. "నా ముందు నడిచేవాడు ఇంకా పుట్టలేదు!" అని కాలితో నేల తన్నాడు.

తెల్లారింది. మంద కనుమ దగ్గరికి చేరింది. దారి ఒక్కరు పట్టేంత ఇరుకు. కొత్త దుప్పి ముందుకు అడుగేయబోతే, దొర కొమ్ములు అడ్డం పెట్టి తనే ముందు దూరాడు. కొత్త దుప్పికి పైప్రాణాలు పైనే పోయాయి. దొరను దాటకపోతే సింగన్న తనను గుర్తుపట్టడు మరి! అది పరుగందుకుంది. నాతోనే పందెమా అనుకుని దొర ఇంకా వేగంగా ఉరికాడు.

వెనక చుక్కాలు దారికి అడ్డంగా నిలబడింది. "ఆగండి! ఒక్కరు కూడా కదలొద్దు!" అని గట్టిగా అరిచింది. ఆ గొంతుకు మందంతా నిలిచిపోయింది.

కనుమ చివర మొదట కొమ్ములదొర బయటపడ్డాడు. "వెళ్ళు బావా, వెళ్ళు!" అని నవ్వాడు బండమీది సింగన్న. అరక్షణంలో రెండో దుప్పి వచ్చింది. ధబ్బుమని వల పడింది.

వలలో గంగులు గిలగిల్లాడాడు. ఒరే, నేనురా, మీ బావనురా అని అరిచాడు. నోట్లోంచి దుప్పి కూత తప్ప మాట రాలేదు. సింగన్న చకచకా నాలుగు కాళ్ళూ కట్టేశాడు.

"బావ అలా పారిపోయాడేమిటి?" అని కాసేపు చుట్టూ చూశాడు. "ఆగిపోయిన మందను తోలుకు రావడానికి వెళ్ళుంటాడులే. ఈలోగా దీన్ని ఇంటికి తీసుకెళ్ళి కోసి వండేస్తాను. వేడివేడిగా పెడితే బావ ఎంత సంబరపడతాడో!" అంటూ దుప్పిని భుజానికెత్తుకున్నాడు.

కొమ్ములదొర చుట్టూ తిరిగి మంద దగ్గరికి వచ్చాడు. "చుక్కాలూ... ఆ మనిషి నన్ను బావా అన్నాడే! నువ్వు చెప్పింది నిజమే!" అని తల దించుకున్నాడు. ఆ రోజు నుంచి చుక్కాలును అడగందే వాడు మందను కదిలించలేదు.

అప్పుడు చుక్కాలు మాత్రం కొండ దిగిపోతున్న సింగన్న వైపే నోరు తెరిచి చూస్తోంది. భుజం మీద తలకిందులుగా వేలాడుతున్న దుప్పి కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. సింగన్న హుషారుగా ఈలవేసుకుంటూ పోతున్నాడు. చుక్కాలు చప్పున చిట్టి కళ్ళకు తన ఒళ్ళు అడ్డం పెట్టింది.

నీతి: నమ్మినవాళ్ళను చంపడానికి వేషం మార్చినవాణ్ణి, చివరికి సొంతవాళ్ళు కూడా గుర్తుపట్టరు.